పరిణామంలో కింది మెట్టు లేదు



పోస్ట్ పెద్దగానే ఉంటది, ముందే చెప్తున్నా. మధ్యలో కోపం వస్తే కామెంట్ పెట్టండి, కాకపోతే చివరిదాకా చదివాక పెట్టండి.

పోయిన వారం ఒక సీనియర్ అన్న మన గ్రూపులో రాశాడు. "పరిణామ సిద్ధాంతం తెల్లోళ్ళు మనల్ని జంతువుల కింద లెక్కగట్టడానికి చేసింది. మన పిల్లలకి అది చెప్పొద్దు. టెన్త్ పుస్తకంలోంచి తీసేశారంటే పీడా పోయింది" అని. కింద వరసగా జోహార్లు పడ్డాయి. నేను కూడా లైక్ కొట్టాను, అబద్ధం ఎందుకు. ఆ అన్న కోపం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున లేచి ఆ లైక్ తీసేశాను. ఎందుకు తీసేశానో చెప్పకుండా ఊరుకుంటే దొంగతనం చేసినట్టు అనిపించింది. అందుకే ఇదంతా.

నేను కోయ పిల్లని. మాది ఇల్లందు వైపు గూడెం. అమ్మ, నాన్న పోడు చేస్తారు. మా ఇంట్లో డిగ్రీ కాలేజీ గేటు దాటిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతున్నా. బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ.

ఫస్టియర్‌లో ఒకరోజు క్లాసులో ఒక చార్టు పెట్టారు. మీరందరూ చూసిందే. ఎడమ పక్క వంగి నడిచే కోతి లాంటిది, తర్వాత కొంచెం లేచింది, తర్వాత బల్లెం పట్టుకున్నది, చివర నిటారుగా నడిచే మనిషి. నా వెనక బెంచీలో టౌను పిల్ల ఒకతె నా భుజం తట్టి, బల్లెం పట్టుకున్న బొమ్మ చూపించి "మీ ఊళ్ళో ఇంకా ఇక్కడే ఉన్నారంట కదే?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సారుకి వినపడింది, కానీ చార్టు చుట్టేసి పక్కన పెట్టారు. నేను కూడా నవ్వాను. ఆ పిల్ల అన్న మాట కంటే నేను నవ్విన నవ్వే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది.

కాబట్టి అన్నా, నీ బాధ నాకు కొత్త కాదు. నేను చెప్పేది ఒక్కటే. ఆ రోజు నన్ను అవమానించింది పరిణామం కాదు. పరిణామం పేరు తగిలించుకున్న ఒక తప్పుడు బొమ్మ. బొమ్మ మీద కోపంతో సిద్ధాంతాన్నే అవతల పడేస్తే, మనల్ని కాపాడే ఆయుధాన్ని మనమే అవతలోడి చేతికి ఇచ్చినట్టు.

ముందు ఆ బొమ్మ సంగతి చూద్దాం. అది 1965లో అమెరికాలో వచ్చిన ఒక పుస్తకం కోసం రుడాల్ఫ్ జాలింగర్ అనే చిత్రకారుడు వేసింది. తర్వాత దాన్ని టీషర్టుల మీదా, గోడల మీదా, గైడ్ల మీదా కాపీ కొట్టి కొట్టి అదే పరిణామం అనుకునేలా చేశారు. డార్విన్ గీసింది అది కాదు. ఆయన 1837లో తన నోటుబుక్కులో గీసుకున్నది కొమ్మలు కొమ్మలుగా చీలిపోయే ఒక చెట్టు బొమ్మ. 1859లో వచ్చిన ఆయన పుస్తకం మొత్తంలో ఉన్న ఒకే ఒక్క బొమ్మ కూడా అట్లా కొమ్మలేసిందే. నిచ్చెనకి పై మెట్టు, కింది మెట్టు ఉంటాయి. చెట్టుకి ఆకులుంటాయి. ఈ రోజు బతికున్న ప్రతి ప్రాణీ చెట్టు చివర ఉన్న ఒక ఆకే. వేరు దగ్గర నుంచి కొలిస్తే అన్ని ఆకులదీ ఒకటే కాలం.

"మనిషి కోతి నుంచి పుట్టాడు" అనేది కూడా ఆ బొమ్మ నేర్పిన తప్పే. ఇప్పుడున్న చింపాంజీ మనకి తాత కాదు, వరసకి అన్నదమ్ముడు. సుమారు 60, 70 లక్షల ఏళ్ళ కింద ఒక పూర్వీకుల గుంపు ఉండేది. అందులోంచి ఒక కొమ్మ అటు పోయింది, ఒక కొమ్మ ఇటు వచ్చింది. వాళ్ళు మారారు, మనమూ మారాం.

ఇది మా తాతకి చెప్పాను, పోయిన సెలవుల్లో. ఆయన బడి మొహం చూడలేదు. మన కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని గట్లున్నాయి కదా. ఒకే గట్టు అయితే ఎంత దూరం ఊళ్ళో ఉన్నా అన్నదమ్ములే, పెళ్ళి కుదరదు. ఎందుకంటే పైకి పోతే ఇద్దరికీ మూలం ఒకటే. నేను మొత్తం చెప్పాక తాత చుట్ట ఆర్పి, కాసేపు ఆలోచించి, "అంటే పులి కూడా మన గట్టేనా?" అన్నాడు. అవును తాతా, బాగా పైకి పోతే పులి, ఇప్పచెట్టు, వానపాము అన్నీ మన గట్టే అన్నాను. "ఇంతేనా? దీనికి కాలేజీకి పోవాల్నా?" అన్నాడు.

క్లాసులో చార్టు చూసి నవ్విన 60 మందికి ఎక్కనిది మా తాతకి పది నిమిషాల్లో ఎక్కింది. గట్టు లెక్క తెలిసినోడికి ఎవరు పై, ఎవరు కింద అనే ప్రశ్నే రాదు. ఎవరు ఎవరికి ఏ వరస అనే ప్రశ్నే వస్తది. పరిణామం అడిగే ప్రశ్న కూడా అదే.

ఇప్పుడు కాలం లెక్క చూద్దాం. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చదువుతుంటే ఇది వాళ్ళ కోసం. భూమి పుట్టి 454 కోట్ల ఏళ్ళు. కోటి ఏళ్ళకి ఒక కిలోమీటరు అనుకోండి. 454 కిలోమీటర్ల రోడ్డు, అది మా హాస్టల్ గేటు దగ్గర ఆగుతుంది. గేటుకి కనీసం 350 కిలోమీటర్ల దూరంలోనే ప్రాణం మొదలైంది, కంటికి కనపడని ఒకే కణం జీవులుగా. సుమారు 240 కిలోమీటర్ల దగ్గర గాలిలో ఆక్సిజన్ పెరగడం మొదలైంది. అది కూడా అట్లాంటి చిన్న జీవులు చేసిన పనే. 54 కిలోమీటర్ల దగ్గర సముద్రంలో రకరకాల జంతువులు. 47 దగ్గర నేల మీద మొక్కలు. 37 దగ్గర నీళ్ళలోంచి నాలుగు కాళ్ళ జీవులు గట్టెక్కాయి. రాక్షసబల్లులు 6.6 కిలోమీటర్ల దగ్గర పోయాయి. పక్షులుగా మారిన వాటి కొమ్మ ఒక్కటే మిగిలింది, మన పెరట్లో కోడితో సహా.

మరి మన మనిషి జాతి? ఆఫ్రికాలో సుమారు 3 లక్షల ఏళ్ళ కింద. అంటే గేటు ముందర 30 మీటర్లు. 454 కిలోమీటర్లలో 30 మీటర్లు! వ్యవసాయం మొదలై సుమారు 10 వేల ఏళ్ళు, అంటే ఒక్క మీటరు. రాజ్యాలు, రాత, రైలు, సెల్‌ఫోను, కాన్వెంట్ బడి అన్నీ ఆ ఒక్క మీటరు లోపలే. 453 కిలోమీటర్ల 999 మీటర్లు మనందరం కలిసే నడిచాం. ఆ చివరి మీటర్లో ఒకడు నాగలి పట్టాడు, ఒకడు విల్లు పట్టాడు. అంతదానికి నువ్వు పరిణామంలో వెనకబడ్డావు అంటే, ఆ మాట అన్నోడికి లెక్కలు రావని అర్థం.

పనిముట్టు మారడం వేరు, ప్రాణి మారడం వేరు. నాలుగు నెలలు నేర్పితే మా తమ్ముడు కంప్యూటర్ కొడతాడు. నాలుగు నెలల్లో ఎవడూ పరిణామం చెందడు. అంటే తేడా రక్తంలో లేదు, బడి ఎంత దూరంలో ఉంది అనే దాంట్లో ఉంది.

ఇంకో మాట. మనల్ని ఎగతాళి చెయ్యడానికి కొందరు "నియాండర్తల్" అంటారు. ఆఫ్రికా బయట మూలాలున్న దాదాపు ప్రతి మనిషి డీఎన్‌ఏలో ఒకటి రెండు శాతం నియాండర్తల్ వాటా ఉంది. ఆ దారి తెరిచినందుకే స్వాంటే పాబోకి 2022లో నోబెల్ ఇచ్చారు. కాబట్టి ఆ మాట అనేవాడి ఒంట్లో కూడా అది ఉంది. మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్న బృందం 2009లో తేల్చింది ఏందంటే, ఈ దేశంలో దాదాపు అన్ని సమూహాలూ పాత మూలాల కలయికే. స్వచ్ఛమైన పై కులమూ లేదు, గడ్డకట్టి ఆగిపోయిన తెగా లేదు.

మరి "ప్రిమిటివ్" అనే మాట ఎందుకు వదలట్లేదు? ఎస్టీ జాబితాలో ఎవరిని చేర్చాలో చెప్పడానికి 1965లో లోకూర్ కమిటీ కొన్ని గుర్తులు పెట్టింది. అందులో మొదటిదే ఆదిమ లక్షణాలు. ఆ బొమ్మ వచ్చిన ఏడే, చూడండి. కోలాం, తోటి, చెంచు, కొండరెడ్డి మనవాళ్ళని "ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్స్" అన్నారు. 2006లో ఆ మాట తీసి "పర్టిక్యులర్లీ వల్నరబుల్" అని పెట్టారు. ఇంగ్లిష్‌లో పేరు మారింది గానీ మన తెలుగు పేపర్లలో ఇంకా "ఆదిమ తెగలు" అనే మాట కనపడుతూనే ఉంటది. మనం కూడా ఆగస్టు 9కి ఫ్లెక్సీలు వేసుకున్నప్పుడు ఆకులు కట్టుకున్న ఆదిమానవుడి బొమ్మ పెట్టి కింద "మేమే" అని రాసుకుంటున్నాం. అన్నలూ, ఆదివాసి అంటే ఈ నేల మీద మొదటి నుంచి నివాసం ఉన్నవాడు. వాసి అంటే ఉండేవాడు. ఆదిమానవుడు అంటే వేరే. మొదటిది హక్కు, రెండోది తిట్టు. తిట్టుని ఫ్లెక్సీ మీద వేసుకుని ఊరేగితే ఎట్లా?

"ఆదిమ అన్న మాట పోతే రిజర్వేషన్ పోతది" అని ఒకరు మెసేజ్ పెట్టారు. పోదు. మనకి హక్కు వచ్చింది మెదడు తక్కువని కాదు. నేల లాక్కున్నారని, అడవిలోంచి వెళ్ళగొట్టారని, బడి రానివ్వలేదని. అది చరిత్ర, జీవశాస్త్రం కాదు.

ఇప్పుడు అన్న చెప్పిన దాంట్లో నిజం ఎంతో అంత ఒప్పుకుంటా. డార్విన్ 1871లో మనిషి పుట్టుక మీద రాసిన పుస్తకంలో "అనాగరికులు" అనే మాట వాడాడు. నాగరికులైన జాతులు వాళ్ళని తుడిచిపెట్టేస్తాయని కూడా రాశాడు. అది చదివినప్పుడు నా ఒళ్ళు మండింది. "సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్" అనే మాటని 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ పుట్టించాడు, తర్వాత దాన్ని పట్టుకుని బలిసినోళ్ళందరూ మేం గెలిచాం కాబట్టి మేమే గొప్ప అన్నారు. ఆ 1871లోనే ఇక్కడ బ్రిటిష్‌వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగలని కొన్ని తెగల మీద ముద్ర వేశారు. మన ఎరుకల సోదరుల్ని అడగండి, ఆ ముద్ర ఎన్ని తరాలు ఉంటదో.

ఇదంతా నిజమే. కానీ గొడ్డలితో ఒకడు మనిషిని నరికాడని మనం గొడ్డలి పట్టడం మానేశామా? డార్విన్ మనిషి. ఆయన కాలపు రోగం ఆయనకీ ఉంది. ఆయన ఊహించింది తప్పయింది, మనం ఇక్కడే ఉన్నాం. ఆయన గీసిన చెట్టు మాత్రం తప్పు కాలేదు. ఆయన చెట్టుతోనే ఆయన మాట తప్పని చూపించొచ్చు. సైన్స్‌లో ఉన్న గొప్ప అదే, పెట్టినోడిని కూడా నిలదీయనిస్తది.

ఇంకొక విషయం, ఇది తెలిసినరోజు నాకు ఒళ్ళు పులకరించింది. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఇండియా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకప్పుడు ఒకే నేల. ఆ నేలకి ప్రపంచమంతా పెట్టుకున్న పేరు గోండ్వానా. గోండుల అడవి! 1870లలో ఇక్కడి రాళ్ళకి భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టారు, తర్వాత మొత్తం ఖండానికి అదే నిలిచింది. ఆ గోండ్వానా అడవుల్లో గ్లాసాప్టెరిస్ అనే చెట్లుండేవి. అవి బురదలో కూరుకుపోయి 25 కోట్ల ఏళ్ళకి పైగా నలిగి నలిగి బొగ్గయ్యాయి. 1871లో విలియం కింగ్ మా ఇల్లందు దగ్గర కనిపెట్టిన సింగరేణి బొగ్గు అదే. ఉమ్మడి ఆదిలాబాద్‌లో మాలేరి దగ్గర రాక్షసబల్లుల తొలికాలం నాటి సరీసృపాల ఎముకలు, యామన్‌పల్లి దగ్గర కోటసారస్ అనే పెద్ద రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. ఆ ఎముకలు ఇప్పుడు హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టి ఉన్నాయి, టికెట్ కొనుక్కుని చూడాలి.

బొగ్గు మన కాళ్ళ కింద. ఎముకలు మన చేలల్లో. పేరు మన తెగది. పాఠం మాత్రం మన పిల్లలకి వద్దా? బొగ్గు తీసుకుపోయారని అడుగుతాం, ఈ కథ తీసుకుపోయారని ఎందుకు అడగం?

ఇప్పుడు అసలు నేను లైక్ తీసేసిన కారణం చెప్తా. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చెల్లిని అడిగాను, రాయమంది.

నా చెల్లికి 14 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి చలికాలం వస్తే కాళ్ళు చేతులు పట్టేసి ఏడ్చేది. హాస్టల్లో నాటకాలు అన్నారు. ఊళ్ళో గాలి సోకింది అన్నారు, కోడిని కోశాం. చివరికి పరీక్ష చేస్తే సికిల్ సెల్ అని తేలింది. అక్కడ రిపోర్టు ఇచ్చినాయన కాగితం మీదే చూస్తూ "మీ జాతి రక్తమే అంతమ్మా" అన్నాడు. అమ్మ బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "నా కడుపే పాపం చేసింది" అంది.

ఆ రాత్రి నేను పాత నోటుబుక్కు తీసి అమ్మకి గీసి చూపించాను. మలేరియా ఎక్కువున్న చోట ఈ జన్యువు ఒక్కటి ఉన్న మనిషికి రోగం రాదు, పైగా ప్రాణం తీసే మలేరియాని తట్టుకునే బలం ఎక్కువ. 1954లోనే ఆంథనీ అలిసన్ ఆఫ్రికాలో ఇది చూపించాడు. మలేరియాతో పిల్లలు పిట్టల్లా రాలిపోయే అడవుల్లో ఈ జన్యువు ఒక్కటి ఉన్నవాళ్ళు బతికారు, పిల్లల్ని కన్నారు. అట్లా తరతరాలుగా నిలిచింది. అందుకే ఇది మన దగ్గరే కాదు, ఆఫ్రికాలో ఉంది, అరేబియాలో ఉంది, గ్రీసులో కూడా ఉంది. జాతికి సంబంధం లేదు, దోమకి సంబంధం. కాకపోతే అమ్మ దగ్గర ఒకటి, నాన్న దగ్గర ఒకటి ఉంటే, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం రెండూ బిడ్డకే రావడానికి. అప్పుడు రోగం. చెల్లికి అదే జరిగింది.

"అమ్మా, నీ దగ్గరున్న ఆ ఒక్కటే మన ముత్తవ్వల్ని జ్వరం నుంచి కాపాడి ఉంటది. అది లేకపోతే మనం లేకుండా పోయేవాళ్ళమేమో" అన్నాను. అమ్మ ఆ కాగితం చాలాసేపు చూసింది. తర్వాత మడిచి రేషన్ కార్డు పెట్టే కవర్లో పెట్టుకుంది. ఆ తర్వాత పాపం అనే మాట అమ్మ నోట మళ్ళీ రాలేదు. చెల్లికి మాత్రలు తప్పకుండా వేస్తది, నీళ్ళు తాగిస్తది, చలిలో బయటికి పోనివ్వదు.

చూడండి, "ఫిట్టెస్ట్" అంటే బలిసినోడు కాదు. ఆ చోటికి, ఆ కాలానికి తగినవాడు. దోమలున్న అడవిలో మేలు చేసిందే దోమల్లేని టౌన్లో భారం అవుతుంది. పై లేదు, కింద లేదు. ఇది నాకు చెప్పింది ఆ పరిణామమే. ఆ పాఠం లేకపోతే మా అమ్మ చచ్చేదాకా తనది పాపం అనుకునేది.

సికిల్ సెల్ మిషన్ అని 2023లో కేంద్రం మొదలుపెట్టింది, 2047 నాటికి లేకుండా చేస్తామంటోంది. మంచిదే, అందరం పరీక్ష చేయించుకోవాలి, మేనరికాలు చేసే ముందు మరీ ముఖ్యం. కానీ చేతికి కార్డు ఇచ్చి బుర్రకి పాఠం ఇవ్వకపోతే ఏమవుతది? ఆ కార్డే రేపు పెళ్ళిచూపుల్లో కొత్త అంటరానితనం అవుతది.

అట్లాంటి సమయంలో ఎన్‌సీఈఆర్‌టీ టెన్త్ సైన్స్‌లో "అనువంశికత, పరిణామం" అనే పాఠంలోంచి పరిణామం తీసేసి అనువంశికత ఒక్కటే ఉంచింది. 2023లో 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు ఇది తప్పని ఉత్తరం రాశారు. ట్వెల్త్ బయాలజీలో ఉంది కదా అంటారు. మన పిల్లల్లో ఎంతమంది టెన్త్ దాటి బయాలజీ తీసుకుంటారు? సీబీఎస్ఈ నడిచే ఏకలవ్య స్కూళ్ళలో ఎవరు చదువుతారు? మన చెల్లెళ్ళూ తమ్ముళ్ళే. టౌను పిల్లలకి కోచింగులు, యూట్యూబులు చూపించేవాళ్ళు ఉంటారు. మనకి ఆ పుస్తకం ఒక్కటే. అందులోంచి తీసేస్తే "పీడా పోయింది" అనాలా అన్నా?

డోలీలు చెప్పే కథ ఏమవుతది అని అడిగారు. ఏమీ కాదు. డోలీ కొట్టి పడిగె విప్పి మన గట్టు ఎట్లా వచ్చిందో, మన వేల్పు ఎవరో చెప్తారు. మనం ఎవరమో అది చెప్తది. మన ఒంట్లో రక్తం ఎందుకు కొడవలి లాగా వంగుతుందో ఇది చెప్తది. నాకు రెండూ కావాలి. ఒకటి ఉంచుకోవాలంటే ఇంకోటి పడెయ్యాలని ఎవరన్నారు?

కాబట్టి నేను అడిగేవి మూడే. ఒకటి, ఆ వంగి నడిచే మనుషుల వరస బొమ్మని మన ఫ్లెక్సీల మీద, మన స్టేటస్‌లలో పెట్టడం ఆపుదాం. రెండు, టెన్త్‌లో ఆ పాఠం మళ్ళీ పెట్టాలని మన సంఘాల తీర్మానాల్లో పోడు పట్టాల పక్కనే రాద్దాం. మూడు, సైన్స్ చదివే ప్రతి ఒక్కరం ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు పది మంది పిల్లల్ని కూర్చోబెట్టి, నేల మీద పుల్లతో ఒక చెట్టు గీసి ఈ కథ చెప్పాలి. చార్టు అక్కర్లేదు, ప్రొజెక్టర్ అక్కర్లేదు. సింగరేణి ఏరియా వాళ్ళయితే ఒక బొగ్గు పెళ్ళ చేతికివ్వండి చాలు.

ఇక వెనక బెంచీ పిల్ల సంగతి. ఈ ఏడు ల్యాబులో మేమిద్దరం ఒకే టేబుల్. మొన్న చెట్టు బొమ్మ గీసి, "ఇదిగో నువ్వు, ఇదిగో నేను, ఒకటే కొమ్మ" అని చూపించాను. చూసి "సారీనే" అంది. ఈసారి నేను నవ్వలేదు. "పర్లేదు, మా తాత లెక్కలో నువ్వు కూడా మా గట్టే" అన్నాను.

అన్నా, తప్పుగా అనుకోకు. నీ కోపం నాకూ ఉంది, దాన్ని బొమ్మ మీద చూపించు, పాఠం మీద కాదు.

జోహార్.